ఒప్పందాన్ని ఫైల్లో కాదు, టైమ్‌టేబుల్‌లో వెతకండి

(కళాశాలల అధ్యాపకులు, పరిశ్రమల ప్రతినిధులు కలిసి జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్లకి వినపడుతోందా? సరే.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. లోపలికి వస్తూనే గమనించాను. హాలు మధ్యలో నడవ ఉంది. నడవకి కుడివైపు కూర్చున్నవాళ్లంతా కాలేజీలవాళ్లు. ఎడమవైపు కూర్చున్నవాళ్లంతా కంపెనీలవాళ్లు. అలా కూర్చోమని ఎవరైనా చెప్పారా మీకు? లేదు కదా. ఎవరికి తెలిసినవాళ్ల పక్కన వాళ్లు సర్దుకున్నారు. తప్పు పట్టడంలేదు, నేనైనా అదే చేసేవాణ్ణి. కానీ ఇవాళ్టి మన విషయం ఏమిటి? కాలేజీలూ కంపెనీలూ కలిసి, ఒక ప్రాంతానికి కావలసిన పనిమంతుల్ని తయారుచేసుకోవడం. కలిసి! అదీ సంగతి.

నాకు ఈ రెండు వైపులూ తెలుసు. పదిహేనేళ్లు టూల్‌రూమ్‌లో, అంటే ఫ్యాక్టరీకి కావలసిన అచ్చులూ పనిముట్లూ చేసే చోట, నూనె మరకలతో గడిపాను. ఆ తర్వాత పాలిటెక్నిక్‌లో సుద్దముక్క పట్టుకున్నాను. కాబట్టి రెండు వైపులవాళ్లనీ నాలుగు మాటలు అనే హక్కు నాకుందని అనుకుంటున్నాను. ముందు నన్ను నేను అనుకుని మొదలుపెడతాను, అప్పుడు మీకు కష్టంగా ఉండదు.

టూల్‌రూమ్ సూపర్‌వైజర్‌గా ఉన్నప్పటి మాట. ఒక సోమవారం పొద్దున్న పన్నెండుమంది కుర్రాళ్లు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఎవరు వీళ్లు? ఇంటర్న్‌షిప్‌కి వచ్చారట. ఎవరు రమ్మన్నారు? ఆర్నెల్ల కిందట మా మేనేజ్‌మెంటూ, వాళ్ల కాలేజీ ఎంవోయూ, అంటే అవగాహన ఒప్పందం, రాసుకున్నాయట. ఫొటో కూడా దిగారట. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ నెల నా నెత్తిమీద మూడు డైల, అంటే అచ్చుల, డెలివరీ ఉంది. నేనేం చేశాను? అందర్నీ స్టోర్స్‌కి పంపాను. బోల్టులు సైజులవారీగా ఏరి డబ్బాల్లో పోసి, డబ్బాకో చీటీ అంటించమన్నాను. నాలుగు వారాలు అదే పని. పాపం, ఒక్కడు కూడా మారుమాట్లాడలేదు. చివరి రోజు సర్టిఫికెట్లు పట్టుకొచ్చారు. శిక్షణ సంతృప్తికరంగా పూర్తిచేశారు అని ముందే టైపు చేసి ఉంది. సంతకాలు పెట్టాను. పన్నెండు సంతకాలు, ఐదు నిమిషాల్లో.

ఎవరికి సంతృప్తి? అది అడగలేదు నేను. మా స్టోర్‌కీపరు మాత్రం నిజంగానే సంతృప్తిపడ్డాడు, అది ఒప్పుకోవాలి.

చాలా ఏళ్ల తర్వాత, కాలేజీవైపు వచ్చాక, అలాంటి ఎంవోయూలు నేనే కొన్ని తయారుచేయాల్సి వచ్చింది. అప్పుడు చదివాను శ్రద్ధగా. పరస్పర సహకారం అని ఉంటుంది. విజ్ఞాన మార్పిడి అని ఉంటుంది. ఇరుపక్షాల ప్రయోజనం అని ఉంటుంది. అన్నీ ఉంటాయి. లేనిది ఒక్కటే. సూపర్‌వైజరు గంట. ఫలానా రోజు, ఫలానా గంటనుంచి ఫలానా గంటదాకా, ఫలానా మనిషి తన పని పక్కనపెట్టి ఈ పిల్లలకి చూపిస్తాడు, ఆ గంటకి ఆయన టార్గెట్‌లోంచి ఇంత తగ్గిస్తాం. ఈ వాక్యం ఏ ఎంవోయూలోనైనా చూశారా? నేను చూడలేదు. అందుకే నేను ఎవరైనా మాకు పది కంపెనీలతో ఒప్పందం ఉందండీ అంటే, ఫైలు చూపించొద్దు, టైమ్‌టేబుల్ చూపించండి అంటాను. మీ కాలేజీ టైమ్‌టేబుల్‌లో ఆ కంపెనీ పేరు ఏ గడిలో ఉంది? మీ కంపెనీ షిఫ్టు చార్టులో ఆ కాలేజీ పేరు ఏ గడిలో ఉంది? రెండింట్లోనూ లేకపోతే ఒప్పందం లేనట్టే.

ఇది కొత్తగా నేను కనిపెట్టింది కాదు. నూరేళ్లు దాటిన సంగతి. అమెరికాలో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ అని ఒక ఇంజినీరింగ్ అధ్యాపకుడు ఉండేవాడు. ఆయన 1906లో 27 మంది విద్యార్థులతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. ఎలా అంటే, ఇద్దరిద్దర్ని జతకట్టాడు. ఈ వారం ఒకడు ఫ్యాక్టరీలో, ఒకడు క్లాసులో. వచ్చే వారం వీడు అటు, వాడు ఇటు. చూశారా తెలివి? ఫ్యాక్టరీవాడికి ఆ మిషన్ దగ్గర మనిషి ఎప్పుడూ ఉంటాడు, చోటు ఖాళీ పడదు. కాలేజీవాడికి పాఠం ఆగదు. విద్యార్థికి జీతం వస్తుంది. కోఆపరేటివ్ ఎడ్యుకేషన్ అని ప్రపంచమంతా పాకిన పద్ధతి అక్కడ పుట్టింది. కెనడాలో వాటర్‌లూ విశ్వవిద్యాలయం 1957లో మొదలవడమే ఈ పద్ధతితో మొదలైంది. నేను చెప్పేది ఏమిటంటే, ష్నైడర్ గొప్పతనం ఆశయంలో లేదు. పనీ చదువూ కలవాలని అంతకుముందూ చాలామంది అన్నారు. ఆయన గొప్పతనం ఆ వారం వారం మారే పట్టికలో ఉంది. ఫ్యాక్టరీ మేనేజర్ భయమేమిటో ఆయనకి తెలుసు. కుర్రాడు సగంలో వెళ్లిపోతే నా మిషన్ ఎవరు చూస్తారు అని. ఆ భయానికి జవాబు పట్టికలోనే పెట్టాడు.

సరే, గంట ఇచ్చారనుకోండి. ఆ గంటలో ఏం జరగాలి?

ఇదిగో, దీన్ని ఒకసారి అందరూ చేత్తో పట్టుకుని చూడండి. ఈ చివర నుంచి పంపిస్తాను, మాస్టారూ, మీరు చూసి పక్కవారికి ఇవ్వండి. బరువుగానే ఉంటుంది, కాలిమీద పడేసుకోకండి. ఉక్కు షాఫ్ట్, మిషన్‌లో తిరిగే కడ్డీ. బాగానే ఉంది కదా చూడ్డానికి? నున్నగా మెరుస్తోంది. ఇది స్క్రాప్. పనికిరాని సరుకు. ఎందుకో చెప్తాను.

ఒక విద్యార్థి, మూడో సంవత్సరం, చురుకైనవాడు, మా టూల్‌రూమ్‌లో లేత్ మిషన్ మీద దీన్ని తీశాడు. డ్రాయింగులో వ్యాసం 50 మిల్లీమీటర్లు, హెచ్ 6 అని ఉంది. ఎడమవైపువాళ్లకి చెప్పక్కర్లేదు. కుడివైపు ఇతర శాఖలవాళ్లు ఉంటే వాళ్లకోసం: 50కి పైన ఏమీ ఉండకూడదు, కింద 0.016 మిల్లీమీటర్లదాకా తగ్గవచ్చు. అంటే వెంట్రుక మందంలో నాలుగోవంతు కూడా కాదు. కుర్రాడు చివరి కోత వేశాడు, కొలిచే మైక్రోమీటర్ పెట్టాడు, దాని చివర మర టిక్ టిక్ మనేదాకా తిప్పాడు, చూశాడు. 49.990. లోపలే ఉంది. వాడి మొహం వెలిగిపోయింది. తీసుకెళ్లి ఇన్‌స్పెక్షన్ బల్లమీద పెట్టాడు. గంట తర్వాత ఇన్‌స్పెక్టర్ కొలిచాడు. 49.967. రిజెక్ట్.

కుర్రాడికి అర్థంకాలేదు. నేను సరిగ్గానే కొలిచాను సార్ అంటాడు. నిజమే, సరిగ్గానే కొలిచాడు. మరి ఏమైంది? కోతకి షాఫ్ట్ వేడెక్కింది, ఆ వేడిమీద కొలిచాడు. చేత్తో తాకితే చురుక్కుమనేంత వేడి. గదికంటే ఓ 40 డిగ్రీలు ఎక్కువ అనుకోండి. ఉక్కు ఒక్కో డిగ్రీకి మీటరుకి సుమారు 11.5 మైక్రాన్లు సాగుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యోవంతు. 50 మిల్లీమీటర్ల షాఫ్ట్, 40 డిగ్రీలు. లెక్క కట్టండి. 0.023 మిల్లీమీటర్లు. డ్రాయింగు ఇచ్చిన మొత్తం వెసులుబాటే 0.016. చల్లారేసరికి కొంప మునిగింది.

మా ఫోర్‌మన్ వచ్చాడు. ఆయన చదివింది ఎనిమిదో తరగతి. షాఫ్ట్ చూశాడు, కుర్రాణ్ణి చూశాడు. ఏరా, వేడిమీద కొలుస్తారా ఎవరన్నా అన్నాడు. ఎందుకు కొలవకూడదు అని ఆయన్ని అడిగితే, కొలవకూడదంతే అంటాడు. సూత్రం ఆయనకి తెలియదు. కుర్రాడికి? వాడికి సూత్రం తెలుసు! ఫిజిక్సులో ఉష్ణ వ్యాకోచం లెక్క చేశాడు, పూర్తి మార్కులు తెచ్చుకున్నాడు. రైలు పట్టాల మధ్య ఖాళీ ఎందుకు వదులుతారో చెప్పమంటే కళ్లు మూసుకుని చెప్తాడు. కానీ ఆ లెక్కలో ఉక్కు, వీడి చేతిలో ఉన్న ఉక్కు ఒకటేనని వాడికి తట్టలేదు.

సగం ఒకరి దగ్గర ఉంది, సగం ఇంకొకరి దగ్గర ఉంది. ఇద్దరూ ఒకే మిషన్ దగ్గర నిలబడ్డారు. మధ్యలో ఈ షాఫ్ట్ చచ్చిపోయింది.

నేను దీన్ని తీసుకుని వాళ్ల లెక్చరర్ దగ్గరికి వెళ్లాను. గొడవపెట్టుకుందామనే వెళ్లాను, దాపరికం లేదు. ఆయన చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. ఇది నా దగ్గర ఉంచుకోవచ్చా అన్నాడు. ఆ తర్వాతి ఏడాదినుంచి ఉష్ణ వ్యాకోచం పాఠం రైలు పట్టాలతో కాదు, దీనితో మొదలుపెట్టాడు. ముందు షాఫ్ట్ బల్లమీద పెట్టి, ఇది ఎందుకు స్క్రాప్ అయ్యిందో చెప్పండి అనేవాడు. అదండీ భాగస్వామ్యం అంటే. దానికి ఎంవోయూ లేదు. ఆయన రిటైరయ్యాక నాకు తిరిగి ఇచ్చాడు, ఇలా ఊరూరా తిప్పుతున్నాను.

అయితే ఇక్కడో చిక్కు ఉంది. ఆ స్క్రాప్ అయిన ఉక్కు ఖర్చు ఎవరిది? మిషన్ మీద పోయిన రెండు గంటలు ఎవరివి? మా కంపెనీ లెక్కల్లో నా ఖాతాకి రాశారు. మరుసటి నెల నేను ఏం చేస్తాను? విద్యార్థిని మిషన్ దగ్గరికి రానివ్వను. మళ్లీ బోల్టులే! నన్ను తప్పుపట్టగలరా మీరు? కాబట్టి ఎడమవైపువాళ్లకి నా మొదటి విన్నపం. శిక్షణ అంటే స్టైపెండు ఒక్కటే బడ్జెట్‌లో రాయకండి. నేర్చుకునేవాడి చేతిలో పాడయ్యే సరుకు ఇంత అని విడిగా ఒక పద్దు రాయండి. ఆ పద్దు లేని చోట ఏ సూపర్‌వైజరూ పిల్లల చేతికి పని ఇవ్వడు.

కుడివైపువాళ్లకి కూడా ఒకటుంది, నవ్వకండి. ఒక కాలేజీలో ల్యాబ్ చూపిస్తామని తీసుకెళ్లారు. ఒక కంపెనీ ఇచ్చిన మంచి సీఎన్‌సీ మిషన్, కంప్యూటర్‌తో నడిచేది, ప్లాస్టిక్ కవర్ కప్పి ఉంది. ఎంతకాలమైంది వచ్చి అన్నాను. రెండేళ్లు. నడుస్తుందా? త్రీ ఫేజ్ కనెక్షన్ రాలేదండీ అన్నారు. తనిఖీ వచ్చిన రోజు కవర్ తీస్తారట, వెళ్లాక కప్పేస్తారట. ఇచ్చిన కంపెనీ తప్పూ ఉంది, దానికి బిగించే పనిముట్లు ఇవ్వలేదు, నేర్పే మనిషిని పంపలేదు. కానీ రెండేళ్లలో ఒక్కసారి ఫోన్ చేసి అడిగినవాళ్లు లేరు. దానం తీసుకోవడం తేలిక, నిలదీసి అడగడం కష్టం.

నేర్పేవాడికీ పరీక్ష

జర్మనీ గురించి అందరూ చెప్తారు, నేనూ చెప్పక తప్పదు. కానీ అందరూ చెప్పేది వదిలేసి, ఎవరూ అంతగా పట్టించుకోనిది చెప్తాను. అందరూ చెప్పేది ఏమిటి? ద్వంద్వ పద్ధతి. వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో, ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాలలో. వృత్తినిబట్టి రెండేళ్లనుంచి మూడున్నరేళ్లు. గుర్తింపు పొందిన వృత్తులు 300 పైచిలుకు. 1969లో దేశమంతటికీ ఒకే చట్టం చేసుకున్నారు. ఇవన్నీ సరే.

పట్టించుకోనివి రెండు. మొదటిది, చివరి పరీక్ష పెట్టేది కంపెనీ కాదు, పాఠశాల కాదు. చాంబర్, అంటే ఆ ప్రాంతపు సంస్థల ఉమ్మడి సంఘం, పెడుతుంది. పరిశ్రమల చాంబర్, లేదా చేతివృత్తుల చాంబర్. పరీక్షకుల బృందంలో యజమానుల తరఫువాళ్లు, కార్మికుల తరఫువాళ్లు, ఉపాధ్యాయులు ముగ్గురూ ఉంటారు. నాలాగా ముందే టైపు చేసిన సర్టిఫికెట్ మీద సంతకం పెట్టి పంపించే వీలు అక్కడ లేదు. మనం నేర్పామా లేదా అనేది బయటివాడు తేలుస్తాడు. ఆ భయం ఉంటే స్టోర్స్‌కి పంపుతానా నేను?

రెండోది, నేర్పేవాడికి కూడా పరీక్ష ఉంది. ఎంత గొప్ప పనివాడైనా సరే, అప్రెంటిస్‌ల శిక్షణకి బాధ్యుడిగా ఉండాలంటే, నేర్పడం వచ్చునని విడిగా నిరూపించుకోవాలి. ఇక్కడో ముచ్చట ఉంది. ఈ షరతు ఉండటంవల్ల కంపెనీలు వెనకాడుతున్నాయేమో, తీసేస్తే ఎక్కువమంది ముందుకొస్తారేమో అని 2003లో దాన్ని పక్కనపెట్టారు. 2009లో మళ్లీ తెచ్చారు! ఆ ఐదారేళ్లలో శిక్షణ నాణ్యత గురించి ఫిర్యాదులొచ్చాయి. షరతు సడలిస్తే సంఖ్య పెరుగుతుంది అని ఎవరైనా మీ దగ్గరికి వస్తే ఈ ముచ్చట చెప్పండి.

పనిచెయ్యడం వేరు, చూపించడం వేరు. మా ఫోర్‌మన్ చెయ్యి బంగారం, కానీ చెప్పమంటే కొలవకూడదంతే. ఆయనకి ఎవరైనా వారం రోజులు నేర్పడం నేర్పి ఉంటే, వందమంది బాగుపడేవాళ్లు. అలాంటివాళ్లు మీ ప్రతి కంపెనీలో ఉన్నారు. ఐదేళ్లలో రిటైరైపోతారు. వాళ్ల చేతుల్లో ఉన్నది వాళ్లతోనే వెళ్లిపోతుంది. ఈ లెక్క ఎవరైనా వేస్తున్నారా?

నేర్పితే వెళ్లిపోతాడు!

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. ఎడమవైపు చాలామంది మనసులో ఇదే తిరుగుతోంది, నాకు తెలుసు. మేము డబ్బు పెట్టి నేర్పుతాం, నేర్చుకున్నాక పక్క కంపెనీవాడు రెండువేలు ఎక్కువిస్తే పోతాడు. మేమెందుకు నేర్పాలి?

న్యాయమైన ప్రశ్న. గ్యారీ బెకర్ అనే ఆర్థికవేత్త 1960లలో దీన్ని విడదీసి చూపించాడు. నైపుణ్యం రెండు రకాలు. మీ కంపెనీలో మాత్రమే పనికొచ్చేది ఒకటి, ఎక్కడైనా పనికొచ్చేది ఇంకొకటి. ఎక్కడైనా పనికొచ్చేదానికి ఒక్క కంపెనీ ఖర్చు పెట్టుకోదు, పెట్టుకోమనడం కూడా అన్యాయం. కాబట్టి ఎవరికి వాళ్లు లెక్క వేసుకుంటే ఎవరూ నేర్పరు. అందరూ పక్కవాడు నేర్పితే ఎత్తుకుపోదామని చూస్తుంటారు. చివరికి ఎత్తుకుపోవడానికి కూడా ఎవరూ ఉండరు.

అందుకే ఇది కంపెనీ సమస్య కాదు, ప్రాంతం సమస్య. ప్రాంతం అన్న మాట ఊరికే వాడటంలేదు. మనిషి ఒక కంపెనీనుంచి ఇంకో కంపెనీకి మారితే కంపెనీకి నష్టం. ప్రాంతానికి? ఏమీ నష్టంలేదు. ఇక్కడే ఉన్నాడు, ఇక్కడే పనిచేస్తున్నాడు.

సింగపూర్ సంగతి చెప్తాను. 1970లలో వాళ్లకి పనిమంతుల కొరత. ప్రభుత్వపు ఆర్థికాభివృద్ధి బోర్డు ఏం చేసిందంటే, వచ్చిన కంపెనీలతో కలిసి శిక్షణ కేంద్రాలు పెట్టింది. 1972లో టాటాతో, ఆ తర్వాత కెమెరాలు చేసే జర్మన్ కంపెనీ రోలైతో, ఆపైన ఫిలిప్స్‌తో. సర్కారు చోటూ డబ్బూ ఇస్తుంది, కంపెనీ మిషన్లూ నేర్పేవాళ్లనీ ఇస్తుంది. షరతు ఏమిటంటే, నీకు కావలసినవాళ్లకంటే ఎక్కువమందికి నేర్పాలి. మిగిలినవాళ్లు వేరే కంపెనీలకి వెళ్తారు. ముందే చెప్పేశారు! ఎత్తుకుపోవడం అన్న మాటే లేదు, అది ఒప్పందంలో భాగం. తర్వాత ఏమైంది? 1981లో రోలై దివాలా తీసింది, సింగపూర్ ఫ్యాక్టరీ మూతబడింది. కెమెరాలు పోయాయి. కానీ సన్నపనిలో చెయ్యి తిరిగినవాళ్లు ఆ ఊళ్లోనే ఉన్నారు. వాళ్ల చేతుల్ని ఇతర కంపెనీలు వాడుకున్నాయి. కంపెనీ పోయినా నేర్పు మిగిలింది.

మలేషియాలో పెనాంగ్ ఇంకో రకం. 1989లో అక్కడి ఎలక్ట్రానిక్స్ కంపెనీలు, రాష్ట్ర ప్రభుత్వం, విద్యాసంస్థలు కలిసి నైపుణ్య కేంద్రం పెట్టుకున్నాయి. నడిపేది కంపెనీలే. బజారులో ఒకళ్ల గొంతు ఒకళ్లు పట్టుకునే కంపెనీలు, ఒకే గదిలో ఒకే మిషన్ మీద తమ మనుషులకి నేర్పించుకున్నాయి. పోటీ సరుకు అమ్మేచోట, నేర్చుకునేచోట కాదు అని గీత గీసుకున్నారు.

చిన్న కంపెనీలవాళ్లు అడుగుతారు, పదిమందితో నడిపే షాపు మాది, మాకు ట్రైనర్ ఎక్కడినుంచి వస్తాడని. నిజమే. ఒక్క షాపులో అన్ని పనులూ ఉండవు కూడా. వెల్డింగ్ ఉంటే మిల్లింగ్ ఉండదు. ఆస్ట్రేలియాలో గ్రూప్ ట్రైనింగ్ సంస్థలని ఉన్నాయి. అప్రెంటిస్‌కి అవే యజమాని. జీతం, బీమా, కాగితాలు అన్నీ అవే చూసుకుంటాయి. కుర్రాణ్ణి కొన్నాళ్లు ఈ షాపుకి, కొన్నాళ్లు ఆ షాపుకి పంపుతాయి. ఒక షాపులో ఆర్డర్లు తగ్గితే వాడి చదువు ఆగదు, ఇంకో షాపుకి మారుతాడు. మీలో నలుగురు చిన్నవాళ్లు కలిస్తే అలాంటిది ఒకటి నడపొచ్చు. ఒక గుమస్తా, ఒక పట్టిక చాలు మొదట్లో.

డబ్బుతో పరిష్కారం అవుతుందంటారా? కొంతవరకే. బ్రిటన్‌లో 2017లో అప్రెంటిస్‌షిప్ సుంకం పెట్టారు. జీతాల బిల్లు 30 లక్షల పౌండ్లు దాటిన యజమాని, ఆ దాటినదాని మీద 0.5 శాతం కట్టాలి. శిక్షణకి మళ్లీ వాడుకోవచ్చు. ఏమైంది? మరుసటి ఏడాది కొత్తగా చేరే అప్రెంటిస్‌ల సంఖ్య బాగా పడిపోయింది. చాలా కంపెనీలు ఆ డబ్బుతో బడి దాటి వచ్చిన పిల్లలకి నేర్పడం మాని, అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లకి మేనేజ్‌మెంట్ కోర్సులు చెప్పించుకున్నాయి. నిబంధన ప్రకారం తప్పేమీ లేదు! డబ్బు ఎటు పల్లం ఉంటే అటు పోయింది. అందుకే మళ్లీ అంటున్నాను, గంటలు లెక్కపెట్టండి. గంట ఎటూ పారిపోవడానికి వీల్లేదు.

మరి కంపెనీలే లేని చోట? ఎవరో చీటీ పంపించారు ముందే, ఇక్కడ ఉంది. కంపెనీలు వస్తే కదా భాగస్వామ్యం అని. స్పెయిన్ ఉత్తరాన, బాస్క్ ప్రాంతంలో మాండ్రగాన్ అని చిన్న ఊరు. అంతర్యుద్ధంలో నలిగిపోయిన ఊరు. 1941లో హోసె మరియా అరిస్మెండియారియెటా అనే యువ మతగురువు అక్కడికి వచ్చాడు. 1943లో చిన్న సాంకేతిక పాఠశాల తెరిచాడు. వీధి మూలల్లో పెట్టెలు పెట్టించి, ఈ బడికి మీరేం చెయ్యగలరో రాసి వెయ్యండని ఊరివాళ్లని అడిగించాడు. డబ్బు ఇవ్వగలవాళ్లు డబ్బు, పని చెయ్యగలవాళ్లు పని. 1956లో ఆ బడిలో చదివిన ఐదుగురు కలిసి ఉల్గోర్ అని సహకార కర్మాగారం పెట్టారు, స్టవ్వులు చేసేది. ఐదుగురి పేర్లలోంచి అక్షరాలు తీసి పెట్టుకున్న పేరు అది. ఆ తర్వాత అక్కడ సహకార సంస్థలు గొలుసుకట్టుగా పుట్టాయి. 1966లో అలెకాప్ అని ఒకటి పెట్టారు, అందులో పనిచేసేది విద్యార్థులే. రోజులో కొంతభాగం పని, కొంతభాగం చదువు. బడి ముందు, కంపెనీ తర్వాత. పదమూడేళ్లు పట్టింది బడినుంచి మొదటి ఫ్యాక్టరీకి. పదమూడేళ్లు! మనం మూడేళ్ల ప్రాజెక్టు రాసి రెండో ఏడాదే ఫలితాలు అడుగుతాం.

సిలబస్ గురించి రెండు నిమిషాలు, ఎక్కువ చెప్పను. కాలేజీవాళ్లు కంపెనీకి వెళ్లి, వచ్చే ఐదేళ్లలో మీకు ఎంతమంది వెల్డర్లు కావాలి అని అడుగుతారు. ఎవరు చెప్పగలరు? వాళ్ల చేతిలో మూడు నెలల ఆర్డర్లే ఉంటాయి. మొహమాటానికి ఏదో అంకె చెప్తారు, మీరు దాన్ని రిపోర్టులో రాస్తారు. అది అడగకండి. నిన్న మనిషి లేక ఏ పని ఆగింది అని అడగండి. దానికి జవాబు ఠక్కున వస్తుంది. ఇంకొకటి, హెచ్‌ఆర్‌ని అడక్కండి, పనిచేసేవాణ్ణి అడగండి. డేకమ్ అని ఒక పద్ధతి, 1960లలో కెనడాలో మొదలైంది. ఐదునుంచి పన్నెండుమందిదాకా చెయ్యి తిరిగిన పనివాళ్లని రెండు రోజులు ఒక గదిలో కూర్చోబెట్టి, పొద్దున్న వచ్చినప్పట్నుంచి ఏమేం చేస్తారో వాళ్లచేతే చెప్పించి, చీటీలు గోడకి అంటిస్తారు. ఆ గోడే సిలబస్‌కి పునాది. మా ఫోర్‌మన్ ఆ గదిలో ఉండి ఉంటే, వేడిమీద కొలవొద్దు అన్న చీటీ ఆ గోడమీద కచ్చితంగా ఉండేది.

ఇంకా చిన్నవి చాలా ఉన్నాయి, పెద్ద పెద్ద ఒప్పందాలు వాటి దగ్గరే తన్నుకుని పడతాయి. పొద్దున్న ఆరింటి షిఫ్టుకి ఆడపిల్ల ఎలా రావాలి? సేఫ్టీ బూట్లు ఎవరు కొనాలి? వేలు తెగితే బీమా ఎవరిది? ఎగ్జామ్ రోజు ఇన్‌స్పెక్షన్ రోజు ఒకటే అయితే? ఇవి రాయండి. సహకారం, సమన్వయం తర్వాత రాసుకోవచ్చు.

నిర్వాహకులు మీ అందరి కుర్చీల మీద ఒక కాగితం పెట్టారు, చూశారా? ఇంకా చూడనివాళ్లు దాని మీదే కూర్చున్నారు, లేచి తీసుకోండి. దానిమీద మూడు గళ్లే ఉన్నాయి. వారంలో ఏ రోజు, ఎన్ని గంటలు, ఎవరు. మూడో గడిలో మీ సంస్థ పేరు రాయొద్దు, మనిషి పేరు రాయండి. ఆ మనిషిని అడక్కుండా రాయకండి, నాకు జరిగినట్టు అవుతుంది. ఫోన్ చేసి అడిగి రాయండి. ఇప్పుడే చెయ్యండి, పర్వాలేదు, నేను ఆగుతాను.

అవునూ, నా షాఫ్ట్ ఏది? ఎక్కడిదాకా వచ్చింది? ఐదో వరుసా? కుడివైపు అంతా తిరిగి అక్కడే ఆగిపోయినట్టుంది. ఆ చివర కూర్చున్న మేడమ్‌గారూ, మీ దగ్గరేనా? కొంచెం లేచి, నడవ దాటి అటువైపు వాళ్లకి ఇవ్వండి. ఆయనెవరో చెయ్యి చాపారు చూడండి. జాగ్రత్త, బరువు.